రామాంజి మోకాలు

ఒక మాట చాలా ఏళ్ళుగా నా కడుపులో ఉండిపోయింది. భార్యకు చెప్పలేదు. కొండకు పోయి దేవుడి ఎదుట నిలబడినప్పుడు చెప్పుకుందామనుకున్నాను గానీ, వెనక జనం తోసేస్తున్నారని సాకు పెట్టుకుని లడ్డూ తీసుకుని దిగి వచ్చేశాను. దేవుడికే ఎగ్గొట్టినవాణ్ణి. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలనేమో చూస్తాను. మధ్యలో ఆగితే తిట్టుకోండి గానీ, వదిలిపెట్టి పోకండి.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన సంవత్సరం అది. అక్కడ మిర్కాబ్ అనే పేటలో ఒక ఇస్త్రీ దుకాణంలో పనిచేసేవాణ్ణి. మాది రాయచోటి వైపు. గురువారం సాయంత్రమైతే మా వైపు వాళ్ళంతా ఆ దుకాణంలోనే చేరేవాళ్ళు. ఎందుకంటారా? ఫుట్‌బాల్ కోసం. శుక్రవారం తెల్లారగానే ఎండ ముదరకముందు ఇసుక మైదానంలో మావాళ్ళ ఆట. ఆడేది పదకొండుమందే అయినా ఆడించేది మేమంతా. ఎవడి కాలికింద బంతి నిలుస్తుంది, ఎవడు పరుగే తప్ప బుర్ర లేనివాడు, ఎవడికి ఇంకో రెండేళ్ళు తిండి సరిగ్గా పడితే పెద్ద జట్టులో ఆడతాడు... ఇవే మాటలు. ఒకడు ఒక కుర్రాణ్ణి ఆకాశానికెత్తితే ఇంకొకడు కిందికి లాగేవాడు. టీ చల్లారిపోయేది, కొట్లాట చల్లారేది కాదు. ఆఖరికి ఎవడో ఒకడు నా వైపు తిరిగి, "మామ ఏమంటాడో అడగండ్రా" అనేవాడు. నేను ఇస్త్రీపెట్టె పక్కకు పెట్టి, గొంతు సవరించుకుని తీర్పు చెప్పేవాణ్ణి. నా చూపు తప్పదని పేరు. ఆ పేరంటే నాకెంత పిచ్చో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. పగలంతా అరబ్బుల పొడుగు అంగీలు, ఆ దిష్‌దాషాలు ఇస్త్రీ చేసేవాడికి వారానికి ఒక సాయంత్రం పెద్దరికం. అంతే కదా!

రామాంజిని కనిపెట్టింది నేనే. కనిపెట్టడమేమిటి, వాడు ముందే ఉన్నాడు, నేను చూశానంతే. ఇంటర్ పాసై, పై చదువుకు వీలుకాక కువైట్ వచ్చి సబా అల్ సలేంలో ఒక ఇంట్లో కార్లు కడుగుతూ, చెట్లకు నీళ్ళు పోస్తూ ఉండేవాడు. మాటలు తక్కువ. బంతి కాలికి తగిలితే మాత్రం వాడు వేరే మనిషి. అలాంటి సెంటర్ ఫార్వర్డ్ మావాళ్ళలో అంతకుముందు లేడు, తర్వాత రాలేదు. వాడు గోల్ కొట్టినప్పుడల్లా నేనే కొట్టినట్టు చెప్పుకుని తిరిగేవాణ్ణి.

ఇక్కడ మీకొక అలవాటు గురించి చెప్పాలి. జట్లు ఒకరి ఆటగాళ్ళను ఒకరు లాక్కుపోయేవి. "మా కఫీల్ దగ్గర మంచి పని ఇప్పిస్తాం రా" అని ఆశపెట్టి తీసుకుపోయేవాళ్ళు. కఫీల్ అంటే మమ్మల్ని పనికి పెట్టుకున్న అరబ్బు యజమాని. అందుకని మంచి ఆటగాడు దొరికితే మేం వాడికి కట్టు కట్టేవాళ్ళం. నిజంగానే మోకాలికి గుడ్డ చుట్టి, నలుగురిలో కాస్త కుంటించి నడిపించేవాళ్ళం. "పాపం, మోకాలు పోయింది, వీడు ఎక్కువ రోజులు ఆడడు" అని ఎదుటి జట్టువాళ్ళకు వినబడేలా నిట్టూర్చేవాళ్ళం. వాళ్ళూ అదే పని చేసేవాళ్ళు. అందరికీ తెలిసిన నాటకమే. మైదానంలో మమ్మల్ని ఎప్పుడూ ఓడించే నిజామాబాద్ వాళ్ళ జట్టుకు పెద్ద గంగారాం. లారీ డ్రైవరు. మా కట్టు చూసి పగలబడి నవ్వేవాడు. "గీ కట్టు మా దగ్గర నడువదన్నా" అనేవాడు. రామాంజి అంటే గంగారాంకు ప్రాణం. ఎదుటి జట్టువాడైనా ఆట అయ్యాక వాణ్ణి భుజాల మీద ఎత్తుకునేవాడు.

ఆ జూన్‌లో మా వైపు నుంచి ఒక కాలేజీ డ్రిల్లు మాస్టారు చుట్టపుచూపుగా కువైట్ వచ్చారు. షర్క్‌లో ఆఫీసులో పనిచేసే బావమరిది ఇంట్లో దిగారు. ఒక శుక్రవారం వచ్చి మా ఆట చూశారు. మరునాడు ఒంటరిగా దుకాణానికి వచ్చారు. చొక్కాలు ఇస్త్రీకి ఇచ్చే మిషతో వచ్చారని నాకు వెంటనే అర్థమైంది.

"ఆ రామాంజి ఎట్లాంటోడయ్యా?" అని అడిగారు. ఆటగాళ్ళ కోటాలో సీటు ఉందని, హాస్టలు, భోజనం కాలేజీదేనని, మూడేళ్ళు తన చేతికింద ఉంటే వాణ్ణి యూనివర్సిటీ జట్టులో నిలబెడతానని చెప్పారు. వాణ్ణే నేరుగా అడగవచ్చు కదా సార్ అన్నాను. "పిల్లోనికి ఆశపెట్టి తర్వాత కాదంటే పాపం కదా. ముందు తెలిసినోళ్ళను అడుగుదామని వచ్చినా. నీ చూపు మీద అందరికీ గురి అంట" అన్నారు.

చూశారా, ఎంత మంచివాడో ఆయన. నేనేం చేశాను?

సెప్టెంబరులో ఎండలు తగ్గాక మా కప్పు ఆట ఉంది. అంతకుముందు ఏడాదీ, దాని ముందు ఏడాదీ గంగారాం వాళ్ళ చేతిలో ఓడిపోయి తలెత్తుకోలేకపోయాం. ఈసారి రామాంజి ఉన్నాడు. వాడు కాలేజీకి పోతే మాకు ఎవరున్నారు? ఇదంతా ఇస్త్రీపెట్టె చొక్కా మీద ఈ చివర నుంచి ఆ చివరకు పోయేంతలో ఆలోచించాను. ఆలోచించి, నిట్టూర్చి, "మంచి పిల్లోడే సార్. కానీ వాని కుడి మోకాలు పోయింది. లోపల అరిగిపోయిందంట. ఇంకో ఏడాది ఆడితే ఎక్కువ" అన్నాను.

ఆయన ముఖం వాడిపోయింది. "అయ్యో, పాపం" అన్నారు. చొక్కాలు తీసుకుని వెళ్ళిపోయారు.

అలవాటుగా నోరు జారిందని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆయన ఎదుటి జట్టువాడు కాడని, ఒక కుర్రాడి జీవితం పట్టుకుని నా ముందు నిలబడ్డాడని నాకు తెలుసు. ఇంకా లోపలికి చూసుకుంటే కప్పు కూడా కాదేమో. కార్లు కడిగే కుర్రాడు కాలేజీకి పోయి, పేపర్లో ఫోటో పడి, నన్ను దాటిపోతాడని కుళ్ళు కూడా ఉందేమో. నేను కనిపెట్టినవాడు నా కళ్ళముందే ఆడాలి అనుకున్నానా? ఉండొచ్చు. మనసులో ఎంత మురికి ఉందో మనకే తెలియదు.

ఆగస్టు మొదట్లో ఒక గురువారం తెల్లారేసరికి వీధుల్లో ట్యాంకులు. ఆ సాయంత్రం ఫుట్‌బాల్ మాటలు లేవు. రామాంజి కఫీల్ కుటుంబం వేసవి సెలవులకని అంతకుముందే దేశం దాటింది. వాడొక సంచి, పాస్‌పోర్టు పట్టుకుని నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చేశాడు. "మామా, నువ్వు తప్ప నాకెవరున్నారు ఈడ" అన్నాడు. షట్టరు దించుకుని ఇద్దరం లోపలే ఉన్నాం. రొట్టెల కోసం బేకరీ ముందు నిలబడడానికి వాడే పోయేవాడు. సైనికులున్న వీధిలోకి నేను అడుగుపెట్టేవాణ్ణి కాదు.

ఆగస్టు ఆఖరున ఒకరోజు రొట్టెల వరసలో వాడికి ఆ మాస్టారి బావమరిది కనిపించాడు. వాడు తిరిగి వచ్చినప్పుడు రొట్టెలు చేతిలోనే ఉన్నాయి, కింద పెట్టలేదు.

"మామా, నా మోకాలు పోయిందని ఎవరో ఆ సారుకు చెప్పినారంట."

"ఏ సారురా?" అన్నాను, తెలియనట్టు.

"కాలేజీ సారు. నన్ను తీస్కపోదామనే అనుకున్యాడంట మామా! ఇంగా ఎవరూ దొరకలేదంట. దసరా సెలవుల్లోగా మంచోడు దొరికితే చేర్చుకుంటామని జులైలో గూడా ఫోన్లో చెప్పినాడంట." వాడి కళ్ళు మెరుస్తున్నాయి, నీళ్ళూ ఉన్నాయి. "నా మోకాలికేమయింది మామా? ఎవరు చెప్పింటారు? ఆట బాగా తెలిసినాయనే చెప్పినాడంట."

ఇక్కడ నోరు విప్పి ఉంటే... ఇప్పటికీ రాత్రుళ్ళు ఈ చోటుకే వచ్చి ఆగిపోతాను. వాడు తిట్టేవాడు, నాలుగు రోజులు మాట్లాడేవాడు కాదు. అంతేగా? అంతకు నేను భయపడ్డాను. ట్యాంకులకు భయపడ్డానంటే అర్థముంది. ఈ కుర్రాడి ముందు పెద్దరికం పోతుందని భయపడ్డాను.

"ఇంగెవరు చెప్తార్రా? ఆ గంగారామే అయ్యుంటాడు. నువ్వు లేకుంటే కప్పు వాళ్ళదే గదా" అన్నాను.

"గంగన్ననా? ఆయప్ప అట్లాంటోడు కాదే."

"నీకేం తెలుసురా, పిల్లోనివి."

వాడు రొట్టెలు కింద పెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

రెండు మూడు రోజులకే గంగారాం వచ్చి షట్టరు తట్టాడు. వాళ్ళ కంపెనీ లారీ దొరికిందట, బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు పోతున్నారట. అక్కడి నుంచి మన విమానాలు తీసుకుపోతున్నాయట. "ఎల్లుండి పొద్దుగాల పోతున్నం అన్నా. మీ ఇద్దరికి జాగ ఆపిన. సామాను సర్దుకోండ్రి" అన్నాడు. రామాంజి లోపలి నుంచే, "నీ బండి నేనెక్కను, పో" అని అరిచాడు. గంగారాం బిత్తరపోయాడు. "ఏమైందిరా? నేనేం జేసిన?" అని వాణ్ణి అడిగాడు. గంగారాం నా ముఖం చూశాడు.

ఆ లారీ ఎక్కి ఉంటే వాడు దసరా లోపల ఊళ్ళో ఉండేవాడు. మోకాలు చూపించి, మాస్టారి ముందు ఒక్కసారి బంతి తన్ని ఉంటే చాలు. నాకది తెలుసు, బాగా తెలుసు. కానీ ముగ్గురం రోజుల తరబడి ఒకే లారీలో కూర్చుంటే వాళ్ళిద్దరూ మాట్లాడుకోకుండా ఉంటారా? మాట్లాడుకుంటే నా బండారం బయటపడదా? "పిల్లోడు భయపడినాడులే గంగారాం. మీరు పోండి, మేం తర్వాత వస్తాం" అన్నాను. గంగారాం ఇంకా బతిమాలాడు. ఆఖరికి లారీలో తమకోసం పెట్టుకున్న నీళ్ళ క్యాను ఒకటి మా గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు.

మేం అక్టోబరు దాకా కదలలేకపోయాం. కదిలాక సరిహద్దు దగ్గర ఎడారి గుడారాల్లో నాకు విరేచనాలు పట్టుకుని లేవలేని స్థితి వచ్చింది. రామాంజి నన్ను వీపున వేసుకుని వైద్యుల గుడారం దాకా ఇసుకలో నడిచాడు. దారిలో ఒక్కసారి కూడా దించలేదు. నేను వాడి మెడ పట్టుకుని ఏడ్చాను. "ఏడవద్దు మామా, ఏం కాదు" అన్నాడు వాడు. నొప్పికి ఏడుస్తున్నానని అనుకున్నాడు. అప్పుడైనా చెప్పానా? లేదు. దించేస్తాడేమోనని భయమేసింది. దించడని తెలిసి కూడా.

ఊరు చేరేసరికి దసరా అయిపోయింది. వాడు కాలేజీకి పోయి మాస్టారిని కలిశాడు. ఆయన వాడి మోకాలు పట్టి చూసి, మైదానంలో ఆడించి, తల పట్టుకున్నారట. సీటు అప్పటికే ఇంకొకరికి పోయింది. ఎవరు చెప్పారు సార్ అని వీడు అడిగాడట. "పోనీలే నాయనా, ఇప్పుడు పేరెందుకు" అన్నారట. ఆయన నా పరువు కాపాడారు. యుద్ధం ముగిశాక వాడు మళ్ళీ కువైట్ పోయి అదే పనిలో చేరాడు. మళ్ళీ బంతి ముట్టలేదు. నేనూ పోయాను గానీ ఆట దగ్గరికి పోలేదు. ఎవరైనా పిలిస్తే కళ్ళు సరిగ్గా కనబడవని చెప్పేవాణ్ణి. గంగారాం వాడితో మాట్లాడాలని చాలాసార్లు చూశాడట. దారిలో ఎదురైతే వీడు పక్కకు తిరిగి పోయేవాడు.

పోయిన నెల రామాంజి ఫోన్ చేశాడు. ఇప్పటికీ చేస్తాడు, నా ఆరోగ్యం అడుగుతాడు. గంగారాం వాళ్ళ ఊళ్ళో కాలం చేశాడని ఎవరో చెప్పారట. "పోయినోని గురించి అనగూడదు గానీ మామా, నా బతుకు చెడగొట్టినాడు. ఒక్క మాటతో చెడగొట్టినాడు. నేను మాత్రం మరిచిపోలేను" అన్నాడు.

ఫోన్ నా చెవి దగ్గరే ఉంది. నేను, "ఊఁ" అన్నాను.

నిజామాబాద్ దగ్గర ఒక పల్లెలో ఆ మనిషి బూడిదైపోయాడు. ఏం తప్పు చేశాడో తెలియకుండానే పోయాడు. ఆయన భార్యాబిడ్డలు ఎక్కడున్నారో నాకు తెలియదు, తెలుసుకోవాలని ఒక్కరోజైనా ప్రయత్నించలేదు. రామాంజికి ఈ మాట చెప్పే ధైర్యం నాకు ఈ పూటకీ లేదు. రేపు వస్తుందని చెబితే అదీ అబద్ధమే అవుతుంది. నన్ను మన్నించమని మిమ్మల్ని అడగడం లేదు. మన్నించాల్సినవాళ్ళలో ఒకడు పోయాడు, ఇంకొకడు నన్ను మామా అంటున్నాడు. ఒక్క వాక్యం మాత్రం రాయనివ్వండి, దీనికోసమే ఇంతసేపు మిమ్మల్ని కూర్చోబెట్టాను. ఇంతవరకు నా చేత్తో రాయనిది, నా నోటితో అననిది.

గంగారాం ఏమీ చెప్పలేదు, చెప్పింది నేను.