మేం అమ్మే కఫం మందు

మధ్యాహ్నం మూడుంబావుకు అక్క పెరట్లో బట్టలు ఆరేసింది. సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. ఎనభైల్లో పుదుచ్చేరి బజారులో మాకు మందుల అంగడి ఉండేది. పన్నునొప్పి తాళలేక అక్క అక్కడి పారాసిటమాల్ మాత్రలు అతిగా మింగింది. ఆసుపత్రికి తీసుకెళ్తే, కాలేయాన్ని కాపాడాలంటూ డాక్టరు వెంటనే ఒక మందు తెప్పించారు.

పెదనాన్న ఆ సీసా చూసి మండిపడ్డాడు.

"ఏంది సార్? ఇది మేం అమ్మే కఫం మందు గదా!"

"అదేనండీ. ఈ మాత్రల విషానికీ పనిచేస్తుంది. ఆలస్యం చేయకండి."

"మా సరుకు గురించి మాకే చెప్తావా? లెయ్ అమ్మిణీ, ఇంట్లో కామెర్లకిచ్చే నేలుసిరాకు పసరు తాగుదువు."

"ఆ మందే ఇయ్యనీ పెదనాయనా," అని అక్క బతిమాలింది. ఆయన వినకుండా ఇంటికి తీసుకొచ్చాడు.

కళ్లు పచ్చబడ్డాక మళ్లీ తీసుకెళ్లాం. అప్పటికే ఆలస్యమైంది. శ్మశానంలో కూడా ఆయన డాక్టరునే తిట్టాడు.

పెదనాన్నకు కొడుకుల్లేరు. ఆయన తద్దినం నేనే పెట్టాలి. పెట్టడం లేదు.