కార్బురేటర్‌కి నలుపు వద్దన్న పిల్ల

మా చిన్నప్పుడు... మే నెల, మిట్టమధ్యాహ్నం, ఖుర్సీపార్ రైల్వే గేటు. గూడ్సు వెళ్ళిపోయింది. గేటు లేచింది. బళ్ళన్నీ కదిలాయి... మా నాన్న మోటార్ సైకిల్ తప్ప.

గేటు దగ్గర ఎండలో నడుస్తూ నడుస్తూనే ఇంజన్ ఆగిపోయింది. కిక్కు మీద కిక్కు కొడుతున్నాడు. వెనక ట్రక్కు హారన్. రెండింటికి స్టీలు ప్లాంటులో బి-షిఫ్టు.

మా ఇల్లు గేటు పక్కనే. నేనూ, పక్కింటి పద్మా అరుగు మీంచి చూస్తున్నాం. నాన్న సీసాలో నీళ్ళు కార్బురేటర్ మీద పోశాడు. చుయ్యిమంది. లోపల పెట్రోలు మరిగిపోయి ఉంది. పది నిమిషాలు చల్లారితే గానీ బండి స్టార్టవదు... ఆ పది నిమిషాలే ఆయన దగ్గర లేవు.

అప్పటికే రెండుసార్లు లేటు. ఇది మూడోది. "ఇంకొక్కసారి లేటైతే ఫర్నేస్ క్రూలోంచి తీసి స్టోర్‌లో కూర్చోబెడతాను" అన్నాడట ఫోర్‌మన్. పద్దెనిమిదేళ్ళు కొలిమి ముందు నిలబడ్డ మనిషి... నట్లూ బోల్టులూ లెక్కపెట్టుకుంటూ బల్ల ముందు కూర్చోవాలి. ఆ రాత్రి నాన్న అన్నం సగంలో వదిలేశాడు.

తమాషా ఏమిటంటే, ఆ కార్బురేటర్ కొన్నదే లేటవకూడదని. పెద్దది, బండి ఎగిరిపోతుందని చెప్పి, బళ్ళు బాగుచేసే మిస్త్రీ బిగించాడు. పైన నల్లరంగు కూడా కొట్టాడు. "రేసు బళ్ళకి ఇలాగే ఉంటాది భయ్యా" అన్నాడు.

మర్నాడు నాన్నకి వీక్లీ ఆఫ్. బండి తోసుకుంటూ మిస్త్రీ దగ్గరకు వెళ్ళాం. పద్మ కూడా వచ్చింది. పదకొండేళ్ళు దానికి... ఎవరూ పిలవక్కర్లేదు.

"మావయ్యా, కొలిమికాడ నువ్వు ఏ రంగు కోటు ఏసుకుంతావు?"

విశ్వకర్మ పూజ నాడు ప్లాంటు చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు పద్మ ఆ కోటు చూసింది.

"వెండి రంగుది. ఏటే?"

"నీకేమో మెరుపు, దీనికేమో నలుపూనా? మసి పట్టిన గిన్నె ఎంత బేగి కాగుతాదో మా అమ్మనడుగు."

మిస్త్రీ పడిపడి నవ్వాడు. "ఓలమ్మో, ఇంజనీరమ్మ వచ్చింది! ఎల్లి గిన్నెలు తోముకో గుంటా."

"తోముతాను. దీన్నే తోముతాను."

అన్నంత పనీ చేసింది. నాన్న థిన్నర్‌తో రంగు గీకాడు. పద్మ బూడిదా, కొబ్బరిపీచూ పట్టుకుని కూర్చుంది. సాయంత్రానికి కార్బురేటర్ పెళ్ళికి తీసిన సిబ్బిలా మెరిసింది.

సోమవారం... గేటు పడింది, లేచింది. బండి స్టార్టవలేదు.

టీ బండి దగ్గర ఒకటే నవ్వులు. "అందులో మొహం చూసుకో అప్పారావూ, తల దువ్వుకోవచ్చు!" హూటర్ మోగుతుండగా నాన్న ప్లాంటు గేటు దాటాడట. లేటు వెంట్రుకవాసిలో తప్పింది.

మర్నాడు ఉదయమే మిస్త్రీ నల్లరంగు డబ్బా పట్టుకుని ఇంటికి వచ్చాడు. నాన్న డబ్బా వైపు చూడలేదు. పద్మను పిలిచాడు.

"ఏటంతావే?"

"నిన్న ఎంతసేపటికి స్టార్టయింది?"

"ఆరు నిమిషాలు."

"పదిలో నాలుగు తగ్గాయి కదా. మిగతా వేడి ఇంకెక్కడ్నుంచో వస్తంది."

బండి స్టార్ట్ చేయించి, కాసేపు నడిపించి, ఆపించింది. ఇంజనూ కార్బురేటరూ కలిసేచోట వేలు పెట్టి చటుక్కున లాక్కుంది. వేలు నోట్లో పెట్టుకునే అడిగింది... "గిన్నె దించేటప్పుడు మసిగుడ్డ అడ్డం పెడతాం. ఇక్కడ మసిగుడ్డేదీ?"

నాన్న మిస్త్రీ వైపు తిరిగాడు. మిస్త్రీ నేలచూపులు చూశాడు. "వేడి దాటకుండా మధ్యన ఒక మందం ప్యాకింగ్ ఉండేది భయ్యా... కొత్తదానికి పట్టలేదని తీసేశాను."

"పట్టేలా చెయ్యి. ఆ డబ్బా మాత్రం నా గుమ్మంలో పెట్టకు."

మిస్త్రీ పరుగున వెళ్ళి ప్యాకింగ్ తెచ్చాడు. ఆకురాయి పెట్టి అరగదీసి, పొడుగు బోల్టులు వేసి బిగించాడు. పన్నెండున్నరకి పని అయింది.

ఒంటిగంటన్నరకి గేటు లేచింది. రెండో కిక్కు. వెనక ట్రక్కువాడు హారన్ కొట్టాడు... నాన్న దారివ్వలేదు. రోడ్డు నడిమధ్యన, తొందరేమీ లేనట్టు, పోయాడు.

రిటైరయ్యేదాకా కొలిమి దగ్గరే చేశాడు.

పద్మతో నాకు తర్వాత పెళ్ళయింది. ముప్పై ఒక్కేళ్ళు కలిసున్నాం. పోయిన శ్రావణంలో వెళ్ళిపోయింది... దాని గురించి ఇక్కడ రాయను.

బండి ఉంది. రుఆబాంధాలో మా ఇంటి ముందు. ఇంకెందుకు, అమ్మేయమంటారు అందరూ. అమ్మను.

గతవారం పాత కార్బురేటర్ పగులిచ్చింది. కొత్తదానికోసం వెళ్తే షాపతను రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకటి నల్ల కోటింగ్, ఇంకోటి పాలిష్. "బ్లాక్ తీసుకోండి అంకుల్. లుక్కే వేరు."

"ఎండలో దీని పక్కన ఇంజన్ కూడా ఉంటుంది బాబూ. నలుపు వేడిని తాగుతుంది, మెరుపు తిప్పికొడుతుంది."

"కోటింగ్‌తో ఎంత తేడా వస్తుంది అంకుల్?"

"పదిలో నాలుగు. మిగతాది ప్యాకింగ్ చూసుకుంటుంది."

నవ్వాడు. నవ్వనీ. ఇప్పటి బళ్ళకి అసలు కార్బురేటర్లే లేవు. వేడెక్కితే వాటికవే సర్దుకుంటాయి... పక్కింటివాళ్ళను అడిగే పని లేదు, వాళ్ళతో వాదించే పనీ లేదు.

"మరి ఏది ప్యాక్ చేయమంటారు?" అన్నాడు.

'ఇంట్లో అడిగి చెప్తాను' అనబోయాను. అలవాటు.

పాలిష్‌దే ఇమ్మన్నాను.

వీధంతా నవ్వినా మాట మార్చుకోనివాళ్ళు మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటారు. వాళ్ళ గురించి కింద రాయండి... అన్నీ చదువుతాను. ఈమధ్య నాకు తీరికే ఎక్కువ.