అపొలేనా చేతి నీళ్లు

బోహేమియాలో మందునీటి ఊటలున్న మా ఊళ్లో, ఇనుపస్తంభాల మంటపం కింద ముప్పై ఏళ్లుగా అపొలేనాయే అందరికీ నీళ్లు పట్టి ఇస్తోంది. తెల్లటి ఏప్రన్ కట్టుకుని, కొమ్ము ఉన్న పింగాణీ కప్పుల్ని అంచు దాకా నింపుతుంది. ఒక్క చుక్క ఒలకనివ్వదు. తుప్పూ కుళ్లిన గుడ్డూ కలిపినట్టుండే ఆ నీళ్లు తాగేవాళ్ల ముఖాలు చూడడమే ఆమెకు కాలక్షేపం. "ఆముదం తాగినట్టు ముఖం పెట్టారా, బాగుపడతారు. నవ్వారా, వట్టి అబద్ధాలకోర్లు" అని తీర్పు చెప్పేస్తుంది. తాను మాత్రం ఆ నీళ్లు ఒక్క గుక్కైనా తాగి ఎరగదు.

మొన్న డాక్టరు ఆమె కడుపునొప్పికి రోజూ మూడు కప్పులు తాగమని రాశాడు. ఈ సంగతి ఎలా పొక్కిందో గాని, మర్నాడు పొద్దున్నే రోజూ వచ్చేవాళ్లంతా ఆమె చుట్టూ మూగారు. అపొలేనా కప్పుడు నీళ్లూ గటగటా తాగేసి, చక్కగా నవ్వింది.

"నవ్వావు కదమ్మా అపొలేనా! మరి నీ తీర్పేమిటి?" అన్నాడు రిటైరైన పోస్టుమాస్టరు మతౌష్.

"మీ కప్పు ఇలా ఇవ్వండి పోస్టుమాస్టరుగారూ" అందామె. ముప్పై ఏళ్లలో మొదటిసారి నీళ్లు పొంగి, ఆయన బూట్ల మీద ఒలికాయి. ఆ తర్వాత ఆమె స్తంభం చాటుకు వెళ్లి, అంతసేపూ బిగబట్టిన ముఖాన్ని దాని ఇష్టానికి వదిలేసింది.