నలుగురి గొంతులో వెయ్యిమంది

కరోనా తర్వాత థియేటర్లు మళ్లీ నిండిన ఏడాది వేసవిలో నేను ఫిల్మ్ నగర్‌లోని ఒక స్టూడియోలో డబ్బింగ్ ఇన్‌చార్జిని. ఏ పాత్రకు ఎవరి గొంతు సరిపోతుందో ఎంచి, వాళ్లను పిలిపించి, తెరమీది పెదవులకు మాట అతికేదాకా వదలకుండా కూర్చోవడం నా పని. తర్వాత గొంతులో బొడిపెలొచ్చి, డాక్టరు అరవొద్దన్నాక పని మానేశాను. అరవాల్సిన విషయాలు మాత్రం తగ్గలేదు.

మా వృత్తిలో పైమెట్టు హీరోకి, హీరోయిన్‌కి చెప్పేవాళ్లది. అట్టడుగు మెట్టు గుంపు గొంతులది. జనం తిరగబడే సీను వస్తే వెయ్యిమందిని పిలవరు, నలుగురిని పిలుస్తారు. ఒకరు మైకు దగ్గర, ఒకరు గోడవైపు తిరిగి, ఒకరు నడుస్తూ, ఒకరు ముసలి గొంతు పెట్టి, ఒకరి అరుపు ముగియకముందే మరొకరు అందుకుంటారు. ఊరంతా తరలివచ్చినట్టే ఉంటుంది. ఈ విద్యలో టోలిచౌకి నర్సింగ్‌ని మించినవాడు లేడు. మైకు ముందు నిలబెట్టి నేర్పింది నేనే.

ఆ వేసవిలోనే మా డబ్బింగ్ కళాకారుల సంఘంలో విప్లవం వచ్చింది. పాత అధ్యక్షుడు పదవిని సొంత ఫ్లాటులా వాడుకునేవాడు. సభ్యత్వ కార్డు లేనిదే ఎవరికీ పని దొరకదు. ఆ కార్డు ఎవరికివ్వాలో ఆయనింట్లో టిఫిను వేళ తేలిపోయేది. నర్సింగ్‌తో సహా అందరం కలిసి ఆయన్ని దించి, మరియమ్మను కూర్చోబెట్టాం. గుంటూరు వైపు మనిషి, కాపురం ఎర్రగడ్డలో. ఆదివారం చర్చిలో పాడి, మిగతా వారమంతా గయ్యాళి అత్తలకు చెప్పేది. ఆవిడ నిర్మాతలతో మాట్లాడి ఒక ఒప్పందానికి ఒప్పించింది: రాత్రి షిఫ్టు చేసిన ఆడవాళ్లను బండిలో ఇంటిదాకా దింపాలి. వినడానికి చిన్న సంగతి. ఆ వేళప్పుడు ఆటో కోసం రోడ్డుమీద ఒంటరిగా నిలబడ్డవాళ్లకు చిన్నది కాదు. సభ్యులు ఆమోదిస్తే చాలు, సంతకాలే.

ఆమోదానికి ఒక ఫంక్షన్ హాల్లో సర్వసభ్య సమావేశం పెట్టారు. నర్సింగ్ లేచి ఒప్పందం ద్రోహమన్నాడు.

“బండెవనికి గావాలె? గొంతు మనది. సిన్మా ఏడ ఆడినా, ఫోన్ల ఆడినా మన వాటా మనకు రావాలె. గప్పటిదాంక ఒక్క ముక్క చెప్పొద్దు.”

బండెవనికి అన్నవాడు సొంత బైకు మీద వచ్చాడు. “వాటా కూడా అడుగుదాం నర్సింగ్, ముందు వచ్చింది తీసుకుని అడుగుదాం,” అంది మరియమ్మ. వాటా అడగడం న్యాయమే. దాన్ని రాబట్టే దారేమిటో మాత్రం అతను చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

తర్వాత బిర్యానీ. తిని, మధ్యాహ్నం షిఫ్టున్నవాళ్లు షిఫ్టుకు వెళ్లిపోయారు. పనిలేనివాళ్లు మిగిలారు. ఓటింగు అప్పుడు మొదలైంది.

మా సంఘంలో మొదటినుంచీ మూజువాణి ఓటే. చేతులు లెక్కపెట్టరు, అరుపు ఎటు ఎక్కువ వినబడితే తీర్మానం అటు. గొంతు అమ్ముకుని బతికేవాళ్ల సంఘానికి ఇంతకన్నా తెలివితక్కువ పద్ధతి ఉండదని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఒప్పందం కావాలన్నవాళ్లు మర్యాదగా “అవును” అన్నారు. “కాదు” మాత్రం హాలు నాలుగు మూలల నుంచీ లేచింది. అలవాటుకొద్దీ కళ్లు మూసుకుని విన్నాను. గోడవైపు తిరిగిన గొంతు ఒకటి. నడుస్తున్నది ఒకటి. ముసలిది ఒకటి. నా పక్కన కూర్చున్న సుజాత రాత్రి షిఫ్టుల మనిషి, ఆ బండి కోసమే వచ్చింది. ఆమె నా చెవిలో, “అక్కా, అందరు వద్దంటున్నరు గదా, మనమొక్కలమే ఎట్ల?” అంది. వెనక వరసలో ఇంకొకావిడ పక్కావిడతో అదే మాట అంటోంది.

నేను లేచి, చేతులెత్తించి లెక్కపెట్టమన్నాను.

“చేతులెత్తుడంటే లొంగిపోవుడక్కా. మనం లొంగం,” అన్నాడు నర్సింగ్. చప్పట్లు.

“గోడదిక్కు తిరిగి అర్సింది నీ దోస్తు శీనుగాడే గాదా? నేర్పినదాన్ని, నాకు తెల్వదా?”

“జనం గొంతు నీకు గుర్తువట్టరాకపోతే నేనేం జెయ్యాలె?” అని, లెక్క అడిగేవాళ్లు నిర్మాతల మనుషులన్నాడు. ఆ మాట తర్వాత సుజాత చేతులు ఒళ్లోంచి లేవలేదు.

అదే ఊపులో రెండో తీర్మానం: మరియమ్మ పదవి, కార్డు రెండూ రద్దు. “నేను చేసిన తప్పేంటో ఎవరైనా లేచి చెప్పండమ్మా, నేనే దిగిపోతా,” అందావిడ. “దిగిపో” అని గోడల దగ్గర్నుంచి వినబడింది. ఆవిడ చేతిసంచీ తీసుకుని వెళ్లిపోయింది. ఆ కుర్చీలో నర్సింగ్ కూర్చున్నాడు. మరుసటి వారం నా కార్డు కూడా పోయింది. అప్పటికి ఇన్‌చార్జి పని స్టూడియో జీతం మీద కాబట్టి బతికిపోయాను.

సమ్మె సాగింది. నిర్మాతలు కాళ్లబేరానికి రాలేదు, బయట ఊళ్ల నుంచి గొంతులు తెప్పించుకున్నారు. చివరికి నర్సింగే వెళ్లి సంతకం పెట్టాడు. అందులో వాటా లేదు, బండీ లేదు. విజయోత్సవం మాత్రం జరిగింది, గజమాలతో సహా. బండి సంగతి అడిగిన సుజాతను ద్రోహి అన్నారు.

ఏడాది తిరక్కుండా నర్సింగ్ మెత్తబడ్డాడని శీను లేచాడు. తనను దించడానికి పెట్టిన సమావేశం ముందురోజు నర్సింగ్ నాకు ఫోన్ చేశాడు. “అక్కా, జర నువ్వొచ్చి చేతులు లెక్కవెట్టమని అడుగు. నీ మాటింటరు.”

“నేను సభ్యురాలిని కాను గదరా. నువ్వే తీసేసినవ్,” అన్నాను.

మరియమ్మ కార్డు తిరిగి రాలేదు. ఇప్పుడు ట్యూషన్లు చెబుతోంది. సుజాత ఈ పని వదిలేసింది.

కాలేజీలో నేను చరిత్ర చదివాను. విప్లవాల్లో అతివాదుల చేతికి అధికారం ఎలా వస్తుందన్న ప్రశ్నకు, జనం వాళ్లవైపు మళ్లడం వల్ల అని రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఇప్పుడైతే, జనం మళ్లారని జనం అనుకోవడం వల్ల అని రాస్తాను. అందుకే మా అపార్ట్‌మెంటు మీటింగులో కూడా ఎవరైనా “అందరూ ఒప్పుకున్నారు” అంటే, ఆ అందరి పేర్లూ చెప్పమంటాను. ఈమధ్య నన్ను మీటింగులకు పిలవడం లేదు.