రాజమణమ్మ ఇచ్చిన టీవీ

తొంభైల చివర్లో, చైనా యువ కళాకారుల వీడియో ప్రదర్శన వెంట సహాయకుడిగా సిద్దిపేట వెళ్లాను. మాది విశాఖ. కాలేజీ హాల్లో అన్నీ అమర్చాక ఒక టీవీ పనిచేయలేదు. లీ అనే అమ్మాయి తీసిన వీడియో అందులోనే రావాలి. వాళ్ల అమ్మమ్మ పిండి పిసుకుతూ ఉంటుంది, అంతే. అది ఆగిపోతుందని లీ ముఖం వాడిపోయింది.

పక్కనే గాజుల దుకాణం నడిపే రాజమణమ్మను టీవీ అడిగాను.

"తీస్కపో తమ్మీ. గని ఐదింటికి సినిమా వస్తది. గప్పుడు నా టీవీ నాకే" అంది.

లీకి ఇంగ్లిషులో చెబితే వెంటనే తలూపింది.

ఐదింటికి టీవీ తిరిగి మోయాలనుకుంటూ ఉంటే, రాజమణమ్మే వాడకట్టు ఆడవాళ్లతో హాలుకు వచ్చింది.

"మల్ల మోసుడెందుకు? గీడనే సూస్తం. గా పిల్ల గూడ సూస్తది."

నేను యాంటెన్నా పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. లీ సినిమా చూడలేదు. నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ కూర్చున్న ఆ ఆడవాళ్ల ముఖాలను కెమెరాతో తీసింది.

మర్నాడు అదే టీవీలో అమ్మమ్మ వీడియో అయ్యాక ఆ ముఖాలు వేసింది. వాడకట్టంతా కదిలొచ్చింది. మా వైపు ఆడవాళ్లయితే సిగ్గుతో కొంగు అడ్డం పెట్టుకునేవారు. రాజమణమ్మ మాత్రం కుర్చీ ముందుకు లాక్కుని తనను తాను శ్రద్ధగా చూసుకుంది.

"మంచిగనే తీసింది. గని గీ చీర పాతది. కొత్తది కట్టుకొని వస్త, మల్ల తియ్యమను తమ్మీ."

ఆ మాట నేను ఇంగ్లిషులో చెప్పగానే లీ పకపకా నవ్వి, కెమెరాలో కొత్త క్యాసెట్ పెట్టింది.