అత్తయ్య ఒంట్లో తాళం

మా మామయ్య ముప్పై ఏళ్లుగా తాళాలు బిగిస్తున్నాడు. నంబరు తాళం ఎవరింట్లో పెట్టినా, కంపెనీ నంబరు మార్పించందే కదలడు. ఇంటివాళ్లు కొత్తది నొక్కుతుంటే మాత్రం గోడవైపు తిరిగి నిలబడతాడు. అనుమానం ఆయనకు వృత్తే కాదు, జబ్బు కూడా.

అత్తయ్య గుండె లయ తప్పుతోందని ఆసుపత్రివాళ్లు ఆమె రక్తంలోకి మందు మోసే యంత్రాలు ఎక్కించారు. కంటికి ఆనవు. ఎంత మందు వదలాలో బయటినుంచి ఒక పరికరంతో చెప్పాలి. అలాంటిదే ఇంటికీ ఒకటి ఇచ్చారు. నర్సు అందులో నాలుగు సున్నాలు నొక్కడం మామయ్య కంటపడింది.

"అందరికీ ఇదే నంబరా అమ్మా?"

"ఇంతమందికి ఎవరు మారుస్తూ కూర్చుంటారండీ!"

అంతే, ఆయనకు కాలు నిలవలేదు. బస్సులో అత్తయ్య పక్కన ఎవరైనా ఫోను తీస్తే చాలు, మధ్యలో దూరి కూర్చునేవాడు. ఆసుపత్రిలో మూడుసార్లు మొత్తుకున్నాడు. చూస్తామన్నారు. నాలుగోసారి అడగలేదు. ఇంటి పరికరంతో తనే నంబరు మార్చేశాడు. ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు.

మొన్న మధ్యాహ్నం అత్తయ్య వంటింట్లో కుప్పకూలింది. నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. నాలుగు సున్నాలకు యంత్రాలు పలకలేదు. నర్సు మామయ్యకు ఫోను చేసింది.

"నంబరు మార్చారా? త్వరగా చెప్పండి!"

"నువ్వెవరో నాకేం తెలుసు?" అని పెట్టేశాడు. ఇలా అడిగి ఇళ్లు దోచినవాళ్ల కథలు ఆయన దగ్గర బోలెడు. మళ్లీ చేస్తే మళ్లీ పెట్టేశాడు.

నేను చేశాను. "మామయ్యా, నేనే. నంబరు చెప్పు."

"గొంతులు కూడా దొంగిలిస్తున్నారు. మీ అత్తకివ్వు."

"ఆవిడ మాట్లాడగలిగితే నీకెందుకు చేస్తాను!" అని అరిచాను. ఆ క్షణం ఆయన్ని నిజంగా అసహ్యించుకున్నాను.

అటువైపు తలుపు మూసిన చప్పుడైంది. తర్వాత ఒక్కో అంకే చెప్పాడు.

సాయంత్రానికి అత్తయ్య లేచి కూర్చుంది. మామయ్య పనిసంచీ భుజాన ఉండగానే మంచం పక్కన నిలబడ్డాడు. చూపు పరికరం మీదే. నేను నర్సుకు గట్టిగా చెప్పిన నంబరు వార్డంతా విన్నది మరి.

"నా ఒంట్లో తాళానికి నంబరు నాకే చెప్పలేదేంటండీ?" అంది అత్తయ్య.

పరికరం ఆమె చేతిలో పెట్టి, గోడవైపు తిరిగాడు.

"ఇటు తిరిగి చూడండి. మళ్లీ పడిపోతే ఎవరు చెప్తారు?"

ఆయన తిరగడానికి చాలాసేపు పట్టింది.