ఆఖరి బోగీలో ఎర్రజెండా

దెయ్యాలున్నాయని వాదించాల్సిన పక్షం కాలేజీ డిబేట్‌లో ఒకసారి నా వాటాకి వచ్చింది. గెలిచాను. గెలిచాక కూడా నమ్మలేదు. వాదం నెగ్గడం వేరు, అది నిజం కావడం వేరు. కనుక ఇది ఎవరినీ నమ్మించడానికి రాయడం లేదు. నేను చూసినదాన్ని, దాని మీద నాకే ఉన్న అభ్యంతరాలతో సహా, చెబుతున్నాను.

మేం న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో ఉంటాం. నిరుడు వేసవిలో మా అమ్మ నాన్నగారు, అంటే మా తాతయ్య, మా దగ్గరే ఉండిపోవడానికి వచ్చారు. తెనాలి వైపు చిన్న స్టేషన్లలో స్టేషన్ మాస్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. అప్పుడు నేను సిద్ధమవుతున్న డిబేట్ అంశం కూడా రైళ్లే. ప్రపంచంలోకెల్లా వేగంగా పరుగెత్తే రైళ్ల వంటివి అమెరికా నిర్మించుకోవాలా, వద్దా? జపాన్, చైనా రైళ్ల వీడియోలు ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూసేవాళ్లం.

"పట్టాల్ని అంటుకోకుండా గాల్లో తేలిపోతుందటే! మరి పట్టాలు చూసుకునే గ్యాంగుమన్ ఏం చేస్తాడే పాపం?" అని నవ్వేవారు.

బోస్టన్, వాషింగ్టన్‌ల మధ్య తిరిగే వేగపు రైలు మా పక్క ఊరి స్టేషన్‌లో ఆగకుండా దూసుకుపోతుంది. చైనా రైళ్ల ముందు అది నత్తే అని తాతయ్య వెక్కిరించేవారు. అయినా దాన్ని చూడడానికి రోజూ ఉదయం నాచేత కారులో దింపించుకునేవారు.

రైలు వస్తుండగానే లేచి నిలబడి, దానికి ఎదురుగా తిరిగి, చెయ్యి నిటారుగా ఎత్తేవారు. మన రైల్వేలో అది పద్ధతి. ఆగకుండా పోయే బండికి స్టేషన్ నుంచి పచ్చజెండా చూపాలి. ఆఖరి బోగీలోని గార్డు తిరిగి పచ్చజెండా చూపాలి. ఇటూ అటూ అంతా సవ్యంగా ఉందని దాని అర్థం.

"ఇక్కడ గార్డు లేడు తాతయ్యా. కిటికీలు కూడా ఓపెన్ కావు. ఎవరికి చూపిస్తున్నావు?"

"పోయే బండికి వీపు చూపిస్తే చార్జిషీటే తల్లీ. చెయ్యి దానంతటదే లేస్తుంది."

కొన్ని వారాల తర్వాత ఒక రోజు భోజనాల దగ్గర, కూర బాగుందన్నంత మామూలుగా, "దానయ్య జెండా చూపిస్తున్నాడే," అన్నారు. వడ్డిస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. దానయ్యగారు తాతయ్యతో పనిచేసిన గార్డు. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

తాతయ్యకి మతి తప్పుతోందేమోనని అమ్మ భయం. నా భయం వేరు. ఆ జెండాని సరిగ్గా చూడాలని ఆయన రోజురోజుకీ ముందుకు జరుగుతున్నారు. అప్పటికే పసుపు గీత మీద నిలబడుతున్నారు. ఆ రైలు వేగానికి గాలే మనిషిని లోపలికి లాగేయగలదు. అక్కడ ఎవరూ లేరని రుజువు చేసి ఆయన్ని వెనక్కి రప్పిస్తానని అమ్మకి మాటిచ్చాను. ఫోన్‌లో స్లో మోషన్‌లో తీస్తే ప్రతి కిటికీ విడివిడిగా కనిపిస్తుంది. ఇక వాదనే ఉండదు.

ఆ ఉదయం ఎండ తెల్లగా కాస్తోంది. రైలు అవతలి పట్టాల మీద వచ్చింది. ఫోన్ ఎత్తి నేనే పసుపు గీత దాటాను. బోగీలన్నీ ఒకే గీతలా కలిసిపోయి పోతున్నాయి. చివరి బోగీ తలుపు దగ్గర తెల్ల యూనిఫాంలో ఒక మనిషి. ఒక చంకలో చుట్టి పెట్టుకున్న పచ్చజెండా. రెండో చేతిలో విప్పిన ఎర్రజెండా.

ఎలా చెప్పాలో తెలియదు. రైలు పోతోంది. అతను పోవడం లేదు. అతని చొక్కా ముడతలు కూడా కనిపించాయి.

అంతలో తాతయ్య నా మణికట్టు పట్టుకుని వెనక్కి గుంజారు. ఇద్దరం బెంచీ మీద పడ్డాం. ఫోన్ ఎగిరి గోడ దగ్గర పడింది. మరుక్షణం మా ముందున్న పట్టాల మీద, ఎదురు దిక్కు నుంచి ఇంకో రైలు దూసుకుపోయింది. మొదటి రైలు హోరులో దాని చప్పుడు కలిసిపోయి నాకు వినపడలేదు. మధ్య పట్టాల మీద పని జరుగుతున్నందున వేగపు రైళ్లని ఆ రోజు ఇటు మళ్లించారని తర్వాత తెలిసింది.

నేను చూసింది చెప్పకుండా ముందు ఆయన్నే అడిగాను. సాక్షి నోటికి మాట అందించకూడదు కదా.

"ఎందుకు లాగావు తాతయ్యా?"

"ఎర్రజెండా చూపించాడు కదే! పచ్చది చంకలో పెట్టుకుని... వెధవకి అదే అలవాటు. జెండా చేతిలో ఉండాలిరా అని ఎన్నిసార్లు తిట్టానో."

చంక సంగతి ఆయన అంతకు ముందెప్పుడూ నాకు చెప్పలేదు. ఆయన మాటల ప్రభావం వల్లే నేనలా ఊహించుకున్నానా? అలాగైతే పచ్చజెండా కనిపించాలి. ఎర్రజెండా ప్రస్తావనే మా మధ్య ఎన్నడూ రాలేదు. రెండో రైలు చప్పుడు ఆయన విన్నారా? టీవీ మోతగా పెడితే తప్ప వినపడని మనిషి.

ఫోన్ అద్దం పగిలింది కానీ వీడియో మిగిలింది. చివరి బోగీని ఎన్నోసార్లు చూశాను. మూసిన తలుపు, అద్దం మీద ఎండ. ఇంకేమీ లేదు. వీడియో నా పక్షానే ఉంది. నేనే ఆ పక్షాన లేను.

ఇకపై గోడ దగ్గరి బెంచీ దాటి రానని తాతయ్య అమ్మకి మాటిచ్చారు.

ఆకులు రాలే రోజుల్లో పోటీ కోసం న్యూయార్క్ నుంచి వాషింగ్టన్‌కి అదే వేగపు రైలెక్కాను. కావాలనే ఆఖరి బోగీలో ఆఖరి సీటు తీసుకున్నాను. నా వెనక గోడ తప్ప ఏమీ లేదు. మా స్టేషన్ వస్తుందనగా కిటికీకి ముఖం ఆనించాను. స్టేషన్ పేరు కూడా చదవలేకపోయాను. ప్లాట్‌ఫాం మొత్తం చేత్తో తుడిచేసినట్టు మాయమైంది. ఆ వేగంలో ఎవరూ ఎవరికీ కనపడరు. అనుకున్నదే రుజువైంది. అయినా, ఎందుకో, చెయ్యి ఎత్తాను.

వెంటనే, అమ్మ దింపితే ఆ స్టేషన్ బెంచీ దగ్గర నిలబడ్డ తాతయ్య ఫోన్ చేశారు. నేను ఏ బోగీలో ఉన్నానో ఆయనకి చెప్పలేదు.

"చూశానే! చెయ్యి బాగా ఎత్తావు. వాడు నీ వెనకే నిలబడ్డాడు. పచ్చదే చూపించాడులే, భయపడకు."

నా వీపు గోడకి ఆని ఉంది. వాషింగ్టన్ వచ్చేదాకా నేను వెనక్కి తిరగలేదు.

దీనికి ఇప్పటికీ నా దగ్గర సమాధానం లేదు. ఉందని ఎవరైనా అంటే వింటాను. ఈ నెల మళ్లీ ఆ రైలెక్కాలి. ఏ బండి అని తాతయ్య అప్పుడే అడిగి పెట్టుకున్నారు, బెంచీ దగ్గర నిలబడతారట. ప్రశ్నించడమే నేను నేర్చుకున్న విద్య. కానీ మా స్టేషన్ దాటగానే ఫోన్ మోగితే, ఈసారి ఏ రంగు అని అడిగే ధైర్యం నాకు లేదు.